‘కొంచెంలో తప్పింది’ అన్న మాట ఫారంలోకి ఎక్కాలంటే

కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డులో ఓర్వకల్లు అంటే మొన్నటిదాకా రాక్ గార్డెనే గుర్తొచ్చేది. ఇప్పుడు అదే మండలంలో విమానాశ్రయం ఉంది, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వారి నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్, అంటే ఆయుధాలు పరీక్షించే మైదానం, ఉంది. 2025 ఏప్రిల్ 13న ఈ రేంజ్‌లోనే ఎంకే-2(ఏ) లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. డ్రోన్ మీది నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణి పరీక్షలు కూడా ఇక్కడే జరిగాయని అదే ఏడాది జులై 25న ప్రకటించారు. ఇవి పేపర్లకెక్కే సంగతులు. ఏ రేంజ్‌లోనైనా పేపర్లకెక్కనివి వేరే ఉంటాయి. మిట్ట దిగుతున్న వాటర్ ట్యాంకర్‌కు ఒక్క క్షణం బ్రేకు పట్టదు. చార్జింగ్‌లో పెట్టిన డ్రోన్ బ్యాటరీ ఉబ్బుతుంది. సైరన్ ఆగకముందే ఎవరో హద్దు జెండా దాటి నడుస్తారు. ఎవరికీ ఏమీ కాదు. “కొంచెంలో తప్పింది” అనుకుని టీ తాగి మర్చిపోతారు.

ఓర్వకల్లులో ఫలానాది జరిగిందని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. అలాంటి చోట, ఇలాంటి ఎండలో, ఈ మాట్లాడే మనుషుల మధ్య, ఆ ‘కొంచెంలో తప్పింది’ని పట్టుకునే డిజిటల్ సాధనం ఎలా ఉండాలన్నదే విషయం. రేంజ్ అంటే యూనిఫాంలో ఉన్నవాళ్లే కాదు. ఉత్తరాది నుంచి వచ్చిన జవాను ఉంటాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఉంటాడు, చుట్టుపక్కల పల్లెల నుంచి కాంట్రాక్టు మీద వచ్చే డ్రైవరు, ఎలక్ట్రీషియన్, గడ్డి కోసే మనిషి ఉంటారు. ప్రమాదాన్ని ముందుగా చూసేది చాలాసార్లు ఈ చివరి వరసే. ఫారం తయారు చేసేవాళ్లు మాత్రం మొదటి వరసను మనసులో పెట్టుకుని చేస్తారు.

ఇలాంటి నివేదికలు ఎందుకు కావాలో చెప్పడానికి 1974 చాలు. ఆ ఏడాది డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గర కొండను గుద్దుకుని 92 మంది చనిపోయారు. దిగేటప్పుడు ఎంత ఎత్తుకు రావచ్చన్న అనుమతిని సిబ్బంది ఒక రకంగా అర్థం చేసుకున్నారు, కంట్రోలర్ ఉద్దేశం మరొకటి. దానికి ఆరు వారాల ముందు ఇంకో సంస్థ విమానం అదే చోట అదే పొరపాటు చేసి తప్పించుకుంది. వాళ్లు నివేదిక కూడా ఇచ్చారు. అది ఆ సంస్థ గోడల మధ్యే తిరిగింది. ఈ లోటు పూడ్చడానికే 1976లో అమెరికా విమాన భద్రతా నివేదికలు సేకరించే ఏఎస్ఆర్ఎస్ అనే వ్యవస్థ పెట్టింది. నివేదికలు తీసుకునే పనిని జరిమానా వేసే విమానయాన శాఖకు కాకుండా నాసాకు అప్పగించడం అందులో తెలివైన పని. శిక్షించే చేతికే ఉత్తరం ఇవ్వమంటే ఎవరిస్తారు?

సైన్యంలో ఈ చిక్కు ఇంకా గట్టిది. అక్కడ ఒకే సంఘటన మీద మూడు వేరువేరు అవసరాలు పడతాయి. దెబ్బ తగిలితే భారత సైన్యంలో ఐఏఎఫ్‌వై-2006 అనే గాయం నివేదిక నింపుతారు. ఆ గాయం డ్యూటీ వల్ల తగిలిందా లేదా అన్నది అందులో తేలాలి, రేపు వైకల్య పెన్షన్ దానిమీదే ఆధారపడుతుంది. తప్పు ఎవరిదో తేల్చాలంటే ఆర్మీ రూల్స్ 1954లోని 177వ నిబంధన కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపలి విచారణ, వేస్తారు. మళ్లీ జరగకుండా ఏం చేయాలన్నది మూడో అవసరం. మొదటి రెండింటికీ ఫారాలున్నాయి, సంతకాలున్నాయి, గడువులున్నాయి. మూడోదానికి ‘రిమార్క్స్’ అనే రెండు గీతల ఖాళీ మిగులుతుంది. గాయం నమోదు కాకపోతే జవానుకే నష్టం కాబట్టి అది నమోదవుతుంది. గాయం కాకుండా తప్పిపోయినదాన్ని రాస్తే జవానుకు ఒరిగేదేమీ లేదు, పైగా “నువ్వెందుకున్నావక్కడ” అన్న ప్రశ్న వస్తుంది. అందువల్ల డిజిటల్ చేస్తున్నామని ఈ మూడింటినీ కలిపి నలభై గళ్ల ఫారం చేస్తే, మూడో పని పుట్టకముందే చచ్చిపోతుంది. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాగితాలను సాక్ష్యంగా వాడటానికి వీల్లేదని 182వ నిబంధన చెబుతుంది. భద్రతా నివేదికకూ అలాంటి గోడ కట్టాలి. అది యాప్ కట్టే గోడ కాదు, లిఖిత ఆదేశం కట్టే గోడ. ఆ ఆదేశం లేకుండా యాప్ పని మొదలుపెట్టడం దండగ.

మొదటి తెర మీద ఏముండాలి? ఒకే ప్రశ్న: “ఇప్పుడు ఎవరికైనా ప్రమాదం ఉందా?” ఉందంటే ఫారం తెరుచుకోకూడదు, డ్యూటీ గదికి ఫోన్ మోగాలి. ఫారం నింపుతూ కూర్చున్నవాడి వెనక బ్యాటరీ కాలుతుండకూడదు. ఇది చెప్పనక్కర్లేని సంగతిలా ఉంటుంది గానీ, చాలా సాధనాల్లో ఈ ప్రశ్న పదో గడిలో ‘తీవ్రత’ అనే పేరుతో కనిపిస్తుంది. తీవ్రతను చూసినవాడిని అడగనే కూడదు. భయపడినవాడు ఎక్కువ రాస్తాడు, భయపెట్టబడినవాడు తక్కువ రాస్తాడు. తీవ్రతను డబ్బుతో కొలిచే పద్ధతికీ ఒక లొసుగుంది. అమెరికా సైన్యంలో ‘ఏ’ తరగతి, అంటే అన్నిటికన్నా తీవ్రమైన, ప్రమాదానికి నష్టం హద్దును 2019 అక్టోబర్‌లో 20 లక్షల డాలర్ల నుంచి 25 లక్షలకు పెంచారు. అలా హద్దు జరిపినప్పుడల్లా, బయట ఏమీ మారకపోయినా గ్రాఫ్‌లో గీత కిందికి దిగుతుంది.

ప్రమాదం ప్రస్తుతం లేదంటే అప్పుడు నాలుగు ప్రశ్నలు: ఏ రకం, ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది. ఒక నిమిషం, మహా అయితే తొంభై సెకన్లు. మిగతావన్నీ, అంటే యూనిట్ కోడు, వాహనం రిజిస్ట్రేషన్, వాతావరణం, మూలకారణం, సేఫ్టీ సెల్ (రేంజ్ భద్రత చూసే విభాగం) వాళ్లు తర్వాత నింపుకోవాలి. వాతావరణం లెక్క రేంజ్ వాతావరణ కేంద్రం దగ్గరే ఉంటుంది, వాహనం నంబరు గేటు రిజిస్టరులో ఉంటుంది. తమ దగ్గరున్నదాన్నే మళ్లీ చూసినవాడిని అడగడం సోమరితనం. మూలకారణం అడగడం అంతకంటే తప్పు: సంఘటన జరిగిన పది నిమిషాల్లో రాసే కారణం ఎప్పుడూ ‘డ్రైవరు నిర్లక్ష్యం’గానే తేలుతుంది.

‘ఏ రకం’ అన్నదానికి ఎనిమిది బొమ్మలు మించకూడదు. వాటిలో మొదటిది బండి. రేంజ్ అనగానే అందరి ధ్యాస గుండు మీదికి పోతుంది గానీ, లెక్కలు వేరే చెబుతాయి. అమెరికా ఆర్మీ, మెరైన్ దళాల్లో 2010 నుంచి 2019 వరకు యుద్ధంతో సంబంధం లేని సైనిక వాహన ప్రమాదాలు 3,753 నమోదయ్యాయని, 123 మంది సైనికులు చనిపోయారని అక్కడి ఆడిట్ సంస్థ జీఏవో 2021లో తేల్చింది. ఎక్కువగా కనిపించిన కారణాలు డ్రైవరు పరధ్యానం, పైవాళ్ల పర్యవేక్షణ లోపం, శిక్షణ చాలకపోవడం. బండి తర్వాత మందుగుండు, డ్రోన్, కరెంటు, ఎత్తు నుంచి పడటం, ఎండ, కన్ను. చివరిది ‘ఇవేవీ కాదు’. నివేదికల్లో ఐదో వంతు ఈ చివరి గడిలోనే పడుతుంటే తప్పు నింపేవాళ్లది కాదు, గళ్లు గీసినవాళ్లది.

ఎండకు వేరే బొమ్మ ఎందుకంటే, మే నెలలో కర్నూలు ఎండకు కళ్లు తిరిగి పడిపోయిన మనిషి ఆసుపత్రి రిజిస్టరులో రోగిగా కనిపిస్తాడు తప్ప భద్రతా రికార్డులో కనిపించడు. అదే చోట, అదే డ్యూటీలో ముగ్గురు పడినా ఆ మూడు చీటీలూ కలవవు. కన్నుకు వేరే బొమ్మ ఉండటానికి కారణం లేజర్. ఆయుధాలుగా వాడే లేజర్లలో చాలావాటి కిరణం కంటికి కనబడదు. ఏదైనా మెరిసే ఉపరితలం నుంచి తిరిగొచ్చి తగిలితే అప్పటికప్పుడు నొప్పి ఉండకపోవచ్చు, చూపు మసకబారడం తర్వాత తెలుస్తుంది. అప్పుడు ఫారం “సంఘటన జరిగిన సమయం” అని తప్పనిసరి గుర్తుగా ఎర్ర చుక్క పెట్టి నిలదీస్తే అతనేం రాస్తాడు? ఆ గడిలో ‘తెలియదు’, ‘సుమారు’ అనేవి కూడా మిగతావాటితో సమానమైన జవాబులుగా ఉండాలి. ఈ బొమ్మ నొక్కగానే కంటి పరీక్షకు పంపమన్న సందేశం వైద్య విభాగానికి దానంతటదే పోవాలి.

భాష దగ్గరికి వస్తే అసలు కష్టం మొదలవుతుంది. పేలకుండా పడి ఉన్న గుండును సైన్యంలో ‘బ్లైండ్’ అంటారు. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనిచేసి వచ్చిన మనిషికి అది ‘మిస్‌ఫైర్’. పల్లె మనిషికి ‘పేలని మందు’. తెర మీద అధికారిక పదం ఒక్కటే పెడితే, బ్లైండ్ అంటే కంటికి సంబంధించినదేమో అనుకుని కన్ను బొమ్మ నొక్కేవాళ్లుంటారు. చేయాల్సింది పదాన్ని మార్చడం కాదు. ఒకే కోడు కింద మూడు పేర్లు పెట్టి, ఎవరి భాషలో తెరిస్తే వాళ్ల పేరు కనిపించేలా చేయడం. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ఎంపిక సెట్టింగుల లోపల దాగకుండా మొదటి తెర పైభాగంలోనే ఉండాలి. ఎందుకంటే గేటు దగ్గరి పరికరాన్ని ఇప్పుడు జవాను వాడతాడు, మరో నిమిషానికి ట్యాంకర్ డ్రైవరు వాడతాడు.

రాయలేనివాళ్లకు గొంతు రికార్డింగ్ పెట్టడం మంచిదే. సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున కుదిస్తే ఒక నిమిషం మాట 120 కిలోబైట్లకు మించదు, బలహీనమైన నెట్‌వర్క్ మీద కూడా పోతుంది. మాటను అక్షరాలుగా మార్చే యంత్రాన్ని నమ్ముకుంటేనే ఇబ్బంది. వార్తల తెలుగుతో తర్ఫీదు పొందిన యంత్రానికి ‘యాడ’, ‘కారుతాంది’, ‘పడిండాది’ కొత్త. ‘బ్రేకు పట్టల్యా’ అంటే కర్నూలు మనిషికి పట్టలేదని అర్థం. యంత్రం దాన్ని ‘పట్టాలా’ అని విన్నదంటే పట్టాలి అన్న అర్థం వస్తుంది, లేదా తోక కోసేసి ‘పట్టె’ అని రాసిందంటే సంగతి పూర్తిగా తలకిందులవుతుంది. భద్రతా నివేదికలో ‘లేదు’ అన్న మాట పోవడం కంటే పెద్ద పొరపాటు లేదు. కాబట్టి యంత్రం రాసినదాన్ని చిత్తుగానే ఉంచి, ఈ యాస తెలిసిన మనిషి విని సరిచేసేదాకా రికార్డింగ్ చెరపకూడదు. ఈ మార్పిడి లోపలి సర్వర్‌లోనే జరగాలి, రేంజ్ మాటలు బయటి కంపెనీ క్లౌడ్‌కు పోకూడదు. ఇంకో మెలిక: గొంతు అంటే పేరే. పేరు చెప్పకుండా నివేదించాలనుకున్నవాడికి మైకు నొక్కేముందే ఈ సంగతి తెర మీద చెప్పాలి.

అక్షరాల సైజు సంగతి తేలిగ్గా తీసేస్తారు. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ల ఎడంలో తెలుగు పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. అక్షరాన్ని రెండు మూడు పాయింట్లు పెంచి, లైన్ ఎడం ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా చూడాలి. ఎండలో తెల్లటి తెర మీద నల్ల అక్షరమే చదవడానికి పనికొస్తుంది. వెబ్ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకు అడిగే కనీస తేడా నిష్పత్తి 4.5:1, ఇక్కడ దాని పైమెట్టు 7:1 తీసుకోవాలి. బొత్తాం వెడల్పు మామూలుగా 9 మిల్లీమీటర్లుంటే చాలంటారు, గ్లౌజు వేసుకున్న వేలుకు అది చాలదు. 15కు పైనే ఉండాలి.

ఇంతకీ ఫోన్ ఎక్కడిది? మందుగుండు నిల్వ చేసే చోటికి, గురిపెట్టి అమర్చే చోటికి ఫోన్ రానివ్వరు. విద్యుత్తుతో పేలే డిటొనేటర్ తీగలు యాంటెన్నాలా పనిచేసి రేడియో తరంగాల శక్తిని లాగుకునే ప్రమాదం ఉంది. రహస్యం సంగతి సరేసరి. 2020 జులైలో భారత సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమంది. స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రచురించిన మ్యాపులో సైనికులు పరిగెత్తిన దారుల వల్ల స్థావరాల రూపురేఖలు 2018 జనవరిలో బయటపడ్డాయి. ఈ పరిస్థితిలో ప్లే స్టోర్ నుంచి దింపుకునే అందమైన యాప్ చేసి, జీపీఎస్ ఆన్ చేయమని అడిగితే సెక్యూరిటీ అధికారి మొదటి రోజే ఆపుతాడు. ఆపడం న్యాయం కూడా.

కాబట్టి సాధనం మూడు రూపాల్లో ఉండాలి. లోపల, మందుగుండు గది దగ్గర, పోస్టుకార్డు సైజు అట్ట. దాని మీద అవే ఎనిమిది బొమ్మలు, అవే నాలుగు ప్రశ్నలు, టిక్కు పెట్టడానికి గళ్లు, పైన వరస నంబరు, చించుకుని జేబులో పెట్టుకునే తోక. పక్కన దారంతో కట్టిన పెన్సిల్. తాళం వేసిన డబ్బా. దాన్ని ఆ విభాగపు పైఅధికారి కాక సేఫ్టీ సెల్ మనిషి రోజూ సాయంత్రం తెరవాలి. గేటు బయట, లోపలి నెట్‌వర్క్‌కు తగిలించిన కియోస్క్, అంటే అందరూ వాడే తెర పెట్టె. సాధారణ ఫోన్లూ ట్యాబ్లెట్లూ 35 డిగ్రీల పరిసర వేడి దాకానే సరిగా పనిచేస్తాయని తయారీదార్లు రాస్తారు. మే నెల మధ్యాహ్నం ఇక్కడ 42 దాటుతుంది, ఎండలో పెట్టిన ఇనుప పెట్టె లోపల ఇంకా ఎక్కువ. ఉత్తరపు గోడకు, పైన రేకుల నీడతో బిగించకపోతే ఎక్కువ పనిపడే గంటల్లోనే తెర నల్లబడుతుంది. మూడోది ఆఫీసు గదిలోని కంప్యూటర్, సేఫ్టీ సెల్ వాళ్లకు. మూడింటికీ కోడు ఒకటే. కార్డు మీది బొమ్మకూ తెర మీది బొమ్మకూ తేడా ఉండకూడదు.

స్థలం చెప్పడానికి జీపీఎస్ లేకపోతే ఏం చేయాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. స్తంభాలకు, గేట్లకు, మలుపులకు పెద్ద అంకెలు రాయించాలి. ‘17వ స్తంభం నుంచి వంక (వాగు) వైపు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఎంపిక జాబితాలో ఆ అంకెల పక్కన జనం పిలిచే పేర్లు చేర్చాలి: పెద్ద బండరాయి, పాత బోరు, వంక దగ్గరి మలుపు. క్యూఆర్ స్టిక్కర్లు అంటించాలన్న ఉత్సాహం ప్రతి ప్రాజెక్టులో వస్తుంది. ఎండకు స్టిక్కర్ లేస్తుంది, ఫోన్ లేనిచోట క్యూఆర్ దేనికి? ఫొటో తీయనివ్వని చోట బండి రేఖాచిత్రం చూపించి, ఏ చక్రమో వేలితో తాకమనాలి. ఫొటోకు అనుమతి ఉన్నచోట యాప్‌లోని కెమెరాతోనే తీయించాలి. అది ఫోన్ గ్యాలరీలో నిలవకూడదు, తీసిన స్థలం, పరికరం వివరాలు పంపకముందే తుడిచేయాలి, వెడల్పు 1,280 పిక్సెళ్లకు తగ్గించాలి.

నెట్‌వర్క్ పోయినప్పుడు ఎస్ఎంఎస్ వాడదామనే ఆలోచన వస్తుంది. తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కు 70 సంకేతాలే, ఇంగ్లిష్‌లో 160. ‘ట్యాంకర్’ కంటికి మూడు అక్షరాలే, యూనికోడ్ లెక్కలో ఎనిమిది. ఒక వాక్యం రాసేసరికి సందేశం నిండుతుంది. పైగా ఎస్ఎంఎస్ రహస్యం కాదు. అంకెలే పంపితే రెండు చిక్కులూ పోతాయి: ‘1 17 0’ అంటే బండి, 17వ స్తంభం, ఇప్పుడు ప్రమాదం లేదు. దారిలో చూసినవాడికి అది అర్థం కాదు.

దీనికి తోడు మూడు సమయాలను వేరువేరుగా దాచాలి: జరిగిన వేళ, రాసిన వేళ, సర్వర్‌కు చేరిన వేళ. ఒకే గడిలో పెడితే, రాత్రి జరిగి పొద్దున నెట్‌వర్క్ వచ్చాక చేరిన నివేదికలన్నీ పొద్దున ఎనిమిదికి జరిగినట్లు కనిపిస్తాయి. అప్పుడెవరో ‘ఉదయపు షిఫ్టులో ప్రమాదాలు ఎక్కువ’ అని సమావేశంలో చెబుతారు. సిగ్నల్ ఊగిసలాడేచోట ఒకే నివేదిక మూడుసార్లు చేరడం మామూలు. నంబరును సర్వర్ ఇవ్వకుండా పరికరమే రాసే క్షణంలో పుట్టించాలి, అప్పుడు రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ గుర్తుపట్టి పక్కన పెడుతుంది. ఒక్కో గడి నింపగానే చిత్తుప్రతి దానంతటదే భద్రమవ్వాలి. సగం రాసి పోగొట్టుకున్న మనిషి రెండోసారి రాయడు.

పేరు సంగతి. పేరుతో ఇవ్వడం, పేరు సేఫ్టీ సెల్‌కు మాత్రమే తెలిసేలా ఇవ్వడం, అసలు పేరే లేకుండా ఇవ్వడం, ఈ మూడూ ఉండాలి. మధ్యది అన్నింటికన్నా ఉపయోగం, ఎందుకంటే అనుమానం వస్తే తిరిగి అడగొచ్చు. ఏఎస్ఆర్ఎస్‌లో నివేదిక కొసన పేరున్న పట్టీ ఉంటుంది. విషయం అర్థమయ్యాక దాన్ని చించి, తేదీ ముద్ర వేసి రాసినవాడికే తిరిగి పంపేస్తారు, వాళ్ల దగ్గర పేరు మిగలదు. డిజిటల్‌లో దీనికి సాటి: నివేదిక ముగిశాక పేరు గడిని నిజంగా చెరిపేయడం, ‘దాచాం’ అనడం కాదు. పేరు అడగకుండానే పరికరం గుర్తింపు, ఐపీ చిరునామా, లాగిన్ వేళ సర్వర్ లాగ్‌లో ఉంటే ఆ అనామకత్వం ఉత్తమాటే, ఇవి కనిపెట్టడానికి కంప్యూటర్ తెలిసిన హవల్దార్ ఒక్కడు చాలు.

సాంకేతికంగా అంతా శుభ్రం చేసినా చిన్న బృందంలో మనిషి దొరికిపోతాడు. రాత్రి షిఫ్టులో జనరేటర్ దగ్గర ఒక్కడే ఉంటే, ‘రాత్రి, జనరేటర్, డీజిల్ కారడం’ అన్న మూడు మాటలే అతని పేరు. కాబట్టి అందరికీ చూపే పట్టికలో ఐదుకు తక్కువ సంఖ్యలు చూపకూడదు, షిఫ్టును ‘ఈ వారం’గా, చోటును ‘విద్యుత్ విభాగం’గా మసకపరచాలి. వాక్యాన్ని ఉన్నదున్నట్లు ప్రచురించకూడదు. యాసే మనిషిని పట్టిస్తుంది: ఆళ్లగడ్డ వైపు మాటకూ ఆదోని వైపు మాటకూ తేడా పక్క మంచం వాడికి ఇట్టే తెలుస్తుంది.

దారి మరో చిక్కు. సైన్యంలో ఏ కాగితమైనా మెట్టు మెట్టుగా పైకి పోవాలి. నివేదిక ముందుగా దగ్గరి పైఅధికారి అయిన నాయబ్ సుబేదార్ తెర మీద పడితే, అది పైమెట్టు ఎక్కేలోపు రాసినవాడిని పిలిచి మాట్లాడటం జరుగుతుంది. దాన్ని రెండుగా చీల్చాలి. ‘17వ స్తంభం దగ్గర ట్యాంకర్ బ్రేకు’ అన్న భాగం వెంటనే డ్యూటీ అధికారికి, పేరు లేకుండా. మొత్తం కథ సేఫ్టీ సెల్‌కు. అధికారికి చేయాల్సిన పని తెలుస్తుంది, ఎవరు చెప్పారన్నది ఆ పనికి అక్కర్లేదు. పౌరుల డ్రోన్లకైతే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ప్రమాదాన్ని 48 గంటల్లోపు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ద్వారా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలపాలి. త్రివిధ దళాల డ్రోన్లకు ఆ నిబంధనలు వర్తించవు. అంటే రేంజ్‌లో ప్రైవేటు కంపెనీ డ్రోన్ కూలినప్పుడు ఏ దారిన పోవాలో ముందే రాసి ఉండాలి. లేకపోతే రెండు దారులూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చుంటాయి.

చదివేవాళ్ల వైపు తెరకు డిజైనర్లు ఇచ్చే సమయం తక్కువ, అక్కడ పోయేది ఎక్కువ. 2006 సెప్టెంబర్ 2న అఫ్ఘానిస్తాన్ మీద బ్రిటన్ వాయుసేన నిమ్రాడ్ విమానం గాలిలో మంటలంటుకుని 14 మంది చనిపోయారు. ఆ రకం విమానాల్లో ఇంధనం కారడం కొత్త కాదు, 2004లో మరో నిమ్రాడ్‌లో వేడిగాలి గొట్టం పగిలింది కూడా. దేనికది విడిగా నమోదై విడిగా ముగిసింది. 2009లో వచ్చిన విచారణ నివేదిక భద్రతా వ్యవస్థ మొత్తాన్నే తప్పుబట్టింది, మరుసటి ఏడాది సైనిక విమానయానానికి ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడింది. సేఫ్టీ సెల్ తెర మీద కొత్త నివేదిక తెరవగానే, అదే చోట, అదే పరికరంతో గత ఏడాదిలో వచ్చినవి పక్కనే కనిపించాలి. వెతికితే దొరకడం కాదు, అడక్కుండానే కనబడాలి. ‘ముగించు’ బొత్తాం నొక్కాలంటే ఏం మార్చారో ఒక వాక్యం రాసి తీరాలి. ‘సిబ్బందికి తగు సూచనలిచ్చాం’ అన్న వాక్యాన్ని ఆ గడి అంగీకరించకూడదు అనిపిస్తుంది గానీ, యంత్రంతో అది సాధ్యం కాదు, నెలకోసారి ఆ వాక్యాలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం సాధ్యం.

రాసినవాడికి జవాబు 72 గంటల్లో చేరాలి. కార్డు తోక మీది నంబరు కియోస్క్‌లో కొడితే, పేరు లేకుండానే జవాబు చదువుకోవచ్చు, అడిగినదానికి బదులివ్వొచ్చు. ‘మీ నివేదిక అందింది’ జవాబు కాదు. ‘ట్యాంకర్ వర్క్‌షాపుకు పోయింది, బ్రేకు గొట్టం మార్చారు’ జవాబు. కుదరదంటే కుదరదని, ఎందుకో రాయాలి. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి ఆ డబ్బాలో బీడీ ముక్కలు పడతాయి.

నెలకు ఇన్ని నివేదికలు రావాలని కోటా పెట్టే అధికారులుంటారు. 1931లో హైన్రిచ్ అనే అమెరికన్ వేసిన త్రిభుజం దీనికి మూలం: ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయం కాని 300 సంఘటనలు ఉంటాయన్నాడు. ఆ అంకెలు అన్నిచోట్లా నిజం కావని తర్వాత ఎందరో వాదించారు. కోటా పెడితే మాత్రం ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పగలరు: నెలాఖరు రోజున ‘దారిలో రాయి ఉంది’ అన్న నివేదికలు పదిహేను వస్తాయి. ఓర్వకల్లులో దారిలో రాయి లేనిదెప్పుడు? కొలవాల్సినవి వేరు: మొదటి నివేదికకు పట్టిన సమయం, సగంలో వదిలేసిన చిత్తుప్రతుల వాటా, ఏ గడి దగ్గర వదిలేశారు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవెన్ని, కాంట్రాక్టు మనుషుల నుంచి వచ్చినవెన్ని. చివరి రెండూ సున్నా అయితే అక్కడ ప్రమాదాలు లేవని కాదు. సాధనం పెట్టిన మొదటి ఆరు నెలల్లో సంఖ్య పెరగాలి. పెరిగిందని యూనిట్ కమాండర్‌ను నిలదీస్తే ఏడో నెల నుంచి తగ్గుతుంది.

ముందుగా పరీక్షించడానికి పెద్ద బృందం అక్కర్లేదు. ఒక్కో వర్గం నుంచి ఐదుగురు: జవాన్లు, డ్రైవర్లు, టెక్నీషియన్లు, కాంట్రాక్టు కూలీలు. “బండి వెనక చక్రం నట్టు వదులైంది, చెప్పండి” అని ఇచ్చి, సాయం చేయకుండా పక్కన నిలబడి చూడాలి. మధ్యాహ్నం రెండింటికి, ఎండలో, గ్లౌజుతో ఒకసారి, రాత్రి టార్చి వెలుతురులో ఒకసారి. ఏసీ గదిలో చేసిన పరీక్ష ఏసీ గదికే పనికొస్తుంది. బొటనవేలు ఎక్కడ ఆగుతుందో రాసుకోవాలి. “బాగుందా” అని అడగకూడదు, మర్యాదకు బాగుందనే అంటారు.

మిగిలింది కంచె బయటి మనిషి. ఫీల్డ్ ఫైరింగ్ రేంజ్‌ల కోసం 1938 నాటి చట్టమొకటి ఉంది, అభ్యాసానికి ముందు ప్రకటన, నష్టానికి పరిహారం అందులో ఉన్నాయి. గొర్రెలు కాసేవాళ్లకు చట్టం కన్నా ముందు కనిపించేది ఇనుప ముక్క. తూకానికి వేస్తే డబ్బులొస్తాయన్న ఆశతో ఇనుము ఏరుకునేవాళ్లు పేలని గుండును కదిపి చనిపోవడం ఫైరింగ్ రేంజ్‌ల చుట్టూ పాత కథే. వాళ్లకు యాప్ లేదు, కియోస్క్ దాకా రారు. వాళ్లకు కావాల్సింది జీవాలు పోయే దారిలో, వంక దాటే చోట, మనిషి ఎత్తున ఒక బోర్డు. దాని మీద ముట్టుకోవద్దన్న బొమ్మ, స్తంభం అంకె, రేంజ్ కంట్రోల్ రూమ్ నంబరు, దాని కింద 112. ఫోన్ ఎత్తేవాడికి తెలుగు రావాలి. మిస్డ్ కాల్ ఇచ్చినా తిరిగి పలకరించాలి. అడిగేది మూడే మాటలు: యాడ చూసినారు, ఎంత ఉంది, ముట్టుకున్నారా. పేరు అడగకూడదు, కంచె లోపలికి ఎందుకు పోయావని అస్సలు అడగకూడదు. బోర్డు మీద ఎర్ర రంగు మిగతా రంగులకంటే ముందు వెలిసిపోతుంది, అంకెలను నలుపులో రాయించి, ఏటా ఉగాదికి ముందు, ఎండలు ముదరకముందే మళ్లీ పూయించాలి.